ఆటలో తారాజువ్వ

బాణసంచా కార్ఖానాలో చెయ్యి కాల్చుకున్న అక్క కంప్యూటరు ముందు కూర్చుని, తెర మీద బాణసంచా మందు కలుపుతోంది. బల్ల మీద తీసిపెట్టిన ఆమె వాచీ తమ్ముడి కంటబడింది.

“మళ్ళీ మందుగుండు ముట్టనని అమ్మకి మాటిచ్చావుగా?”

“ఇది ఆన్‌లైన్ ఆటరా. ఇందులో బొగ్గూ గంధకమూ ఒట్టి బొమ్మలే.”

“మరి వాచీ ఎందుకు తీశావ్?”

“మందు కలిపేటప్పుడు ఒంటి మీద ఇనుము ఉండకూడదు. రాసుకుంటే నిప్పురవ్వ లేస్తుంది.”

“పిచ్చా నీకు? అంత జరిగాక కూడానా?”

“కాలింది నా చెయ్యిరా, నాకొచ్చిన పని కాదు. నా తారాజువ్వ కోసం ఆటలో అందరూ కాచుక్కూర్చున్నారు.”

“అమ్మ చూస్తే?”

“చూడనీ. నువ్వే పిలుచుకురా. ఇదిగో, అంటిస్తున్నా. వెనక్కి జరుగు!”

తమ్ముడు గబగబా జరిగాడు. పేలేది కంప్యూటర్లోనేనని వీపుకి గోడ తగిలాక గాని అతనికి గుర్తు రాలేదు.