దానంతట అదే

శాలిబండలో మేడమీది వాటా. కంప్యూటర్లు బాగుచేసే నందకిశోర్ మళ్ళీ వచ్చాడు. ఇంటావిడ వాగ్దేవి అతని కుర్చీ వెనకే నిలబడింది.

“మళ్ళ మారిందా అక్కా?”

“మారింది తమ్మీ. నెట్ కోసం నువ్వు పెట్టిపోయిన నంబర్లు ఒక్కటి లేవు. నెట్ రాదు, మెయిల్ తెరుచుకోదు.”

“వైరస్ అయ్యుంటది.”

“మొన్న గూడ గదే అన్నవు. తీసేసిన అన్నవు.”

“తీసేసిన. మళ్ళ వచ్చినట్టుంది.”

“నాకు మెయిల్ రావల్సిన రోజే వస్తది గా వైరస్?”

“ఏం మెయిల్ అక్కా?”

“ఏం లేదు తియ్. నువ్వు చూడు.”

“చూస్తున్న. దీని ముందట ఇంకెవరు కూసుంటరు?”

“మా ఆయన. ముట్టుకోలే అంటడు. అత్తమ్మకు ఆన్ చేసుడే రాదు.”

“మరి నువ్వే ఏమన్న నొక్కినవేమో.”

“నువ్వు గూడ గట్లనే అంటవా?”

“ఇంకెవరన్నరు?”

“ఆయనే. ‘నువ్వే మార్చి నువ్వే మర్చిపోతున్నావు వాగ్దేవీ’ అంటడు. అరవడు. మెల్లగ అంటడు, పసిపిల్లకు చెప్పినట్టు. దవాఖానకు గూడ తీస్కపోయిండు. గోళీలు రాసిండ్రు. మింగితే పొద్దెక్కేదాంక కండ్లు తెరువలేను.”

“వేణుమాధవ్ సార్ మంచోడే అక్కా.”

“అందరు గదే అంటరు. తమ్మీ, ఒక్కటి చెప్పు. గీ నంబర్లు వాటంతట అవే మారుతయా? ఎవరన్న చేత్తో మార్చాల్నా?”

“మారుతయి… ఒక్కోసారి మారయి. గిది గట్లనే ఉంటది.”

“నాన్చకు. చేత్తోనే మారుతయంటే మార్చేది ఆయనన్న కావాలె, నేనన్న కావాలె. నేనే అయితే… నేనే అయితే నాకు యాది లేకపోవుడేంది?”

“అక్కా, కూసో. గట్ల పరేషాన్ అయితవేంది?”

“నిన్న పొయ్యి మీద పాలు పెట్టిన. పెట్టిన్నో లేదో అని మూడుసార్లు లేచి చూసొచ్చిన. గిట్లయింది నా బతుకు.”

“ఫికర్ చెయ్యకు. ఇగో, నెట్ వచ్చింది.”

“వచ్చిందా? జరుగు, జర జరుగు… ఉంది. వచ్చింది తమ్మీ!”

“ఏం వచ్చింది?”

“నౌకరి! మందుల కంపెనీ ఆఫీసుల. సోమవారం నుంచి రమ్మన్నరు.”

“మస్తు ఖుషీ ముచ్చట. సార్‌కు ఫోన్ చేస్తవా?”

“చెయ్యను.”

“చెయ్యవా?”

“ఆయనకు తెల్వదు. తెల్వొద్దు. చాంద్రాయణగుట్టల మా గోదక్క ఉంటది. సోమవారం ఆయన ఆఫీసుకు పోంగనే ఆటో ఎక్కుత. బట్టలు సదురుకున్న.”

“మళ్ళ… రావా?”

“వస్తే ఇంకో ఏడాదికి నా పేరు గూడ మర్చిపోత.”

“అంతమాట ఎందుకక్కా?”

“నీకు అక్కచెల్లెండ్లు ఉన్నరా?”

“ఒక చెల్లె ఉంది.”

“గందుకే చెప్పిన నీకు. ఇంకెవరికి చెప్పలే. గోదక్కకు గూడ చెప్పలే ఇంక. ఎవ్వరితోని అనకు, తమ్మీ.”

“అనను. నా చెల్లె మీద ఒట్టు.”

“చాయ్ తాగి పో.”

“వద్దక్కా. ఇంకో ఇంటికి పోవాలె.”

నందకిశోర్ మెట్లు దిగాడు. గల్లీ మొగదల బండి పక్కన నిలబడి సెల్‌ఫోన్ తీశాడు.

“హలో… సార్, నేను నందును. ఆఁ, ఇప్పుడే బయటికి వచ్చిన… లేదు సార్, నా మీద అనుమానం రాలే. నేను పెట్టిన ప్రోగ్రాం మంచిగనే పనిచేస్తుంది, కంప్యూటర్ బంద్ చేసి మళ్ళ ఆన్ చేసినప్పుడల్లా నంబర్లు వాటంతట అవే మారుతున్నయ్… అవును సార్, మీరన్నట్టే, తనే మర్చిపోతున్నట్టు మాట్లాడుతుంది. పాపం, పొయ్యి మీద పాలు పెట్టిందో లేదో అని మూడుసార్లు లేచి చూసిందట… ఆఁ, అడిగిన సార్, అన్నీ అడిగిన… సోమవారం, మీరు ఆఫీసుకు పోంగనే.”