మూడు నిమిషాలు ఆగిన మాట

బత్తుల యలమంద ఉన్నాడు చూడండి, ఆడికి గొంతు తప్ప వేరే ఆస్తి లేదంట. జిల్లేళ్లపాలెంలో ఆడు మైకు పట్టుకుంటే పక్కూరి గొడ్లు కూడా మేత మానేసి చెవులు రిక్కించేయని చెప్పుకుంటారు. మామూలు రోజుల్లో టౌన్లో ఎరువుల కొట్లో బస్తాలు రాసుకునేవాడు, తిరనాళ్ల రోజుల్లో బండ లాగుడు పందేలకి మైకు చెప్పేవాడు. మీరు చూసే ఉంటారు కదా, గిత్తల జత బండని ఈడ్చుకుంటా పోతా ఉంటే పక్కన ఒకడు ఊపిరి తీసుకోకుండా అరుస్తా ఉంటాడే, ఆడన్నమాట. ఆ విద్య నేర్పింది వాళ్ల బాబాయి కోటయ్య. కోటయ్య నేర్పింది ఒకటే ముక్కంట. ఏందంటే, ఒరే, దూరం తప్పు చెప్పినా జనం ఊరుకుంటారు, ఎద్దు రంగు తప్పు చెప్పినా ఊరుకుంటారు, జత గీత దాటినప్పుడు మాత్రం ఏ ఊరి వాస్తవ్యులు, ఎవరి బిడ్డ, పేరేంది, మూడూ పలకాల. పలకలేదనుకో, అవి దిక్కులేని ఎద్దులైపోతాయి, మేపినోడు నిన్ను జన్మలో క్షమించడు. ఇదీ కోటయ్య చెప్పింది. పదేళ్లు అదే పని చేసేసరికి ఏమైందంటే, గీత కనపడితే చాలు, యలమంద నోట్లోంచి ఊరూ తండ్రీ పేరూ వాటంతట అవే వచ్చేసేయి. ఆపమన్నా ఆగవు, తుమ్ము లాగా.

పైగా ఆడు పుస్తకాలు చదివినోడు. సంచిలో రెండు పుస్తకాలు, నోట్లో ఇరవై నినాదాలు. దున్నేవాడిదే భూమి అనేవాడు, చెమట ఎవరిదో పేరు వాళ్లదే అనేవాడు. కొట్టు ముందు బస్తాలు దించే హమాలీని చూసి "అన్నా, నీ వెనకాల మేమున్నాం" అనేవాడంట. ఆ హమాలీ "వెనకాల ఉండి ఏం చేస్తావు యలమందా, ముందుకొచ్చి ఓ చెయ్యెయ్యి" అనేవాడంట. నవ్వండి, నవ్వండి. ఆడి మాటలు అరువు తెచ్చుకున్నయ్యేమో గాని ఆడి కోపం మాత్రం సొంతం. బైపాసు పక్కన దారం మిల్లు ఉందనుకోండి, ఆ మిల్లు గేటు ముందు ఒకరోజు పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా ఒక్కడే అట్టముక్క పట్టుకుని నిలబడ్డాడు. ఎందుకయ్యా అంటే, ఆ మిల్లులో రెండొందల నలభై రోజులు లెక్క తెగకుండా పనిచేసినోళ్లని పర్మినెంటు చెయ్యాల. చెయ్యాలంటే చేసేస్తారా? రెండొందల రోజులు దాటంగానే ఏదో ఒక వంక పెట్టి గేటు బయటికి పంపేది, వారం పోయాక కొత్తమనిషి కింద మళ్లీ రాసుకునేది. ఆరేళ్లు అక్కడ ఒళ్లు అరగదీసుకున్న ఆడమనిషి కూడా కాయితం మీద మొన్న వచ్చినదే. దీన్ని చట్టం అంటారా, దొంగతనం అంటారా, మీరే చెప్పండి. యలమంద అట్టముక్క మీద దొంగతనమనే రాశాడు. వాచ్‌మెన్ వచ్చి కుర్చీ వేశాడంట, కాళ్లు పీకుతాయి కూర్చోమని. అంతకు మించి ఏమీ జరగలా.

సరే, ఆడి గొంతు ఎవడో ఫోన్లో తీసి లోకం మీదికి వదిలాడు. అది తిరిగి తిరిగి విజయవాడలో ఒక కంపెనీ వాళ్ల చెవిన పడింది. వాళ్లు ఎద్దుల వాళ్లు కారు, ఫోన్లో ఆటల పందేలు పెట్టేవాళ్లు. ఒక దీవి ఉంటదంట, దాని మీదికి వందమంది దిగుతారంట, నలుగురు నలుగురు ఒక జట్టు, ఒకళ్లనొకళ్లు కాల్చుకుంటా పోతే ఆఖరికి నిలబడ్డ జట్టు గెలిచినట్టు. అంతా బొమ్మలే, రక్తం లేదు. ఆడేవాళ్లు వందమందైతే చూసేవాళ్లు లక్షమంది. ఎందుకు చూస్తారని నన్నడగమాకండి, మనం ఎద్దుల్ని చూట్టంలా? ఆ కంపెనీలో రెహానా అని ఒకమ్మాయి ఫోను చేసి, అన్నా, మీరు గిత్తలకి చెప్పినట్టే మా ఆటకి చెప్పండి అంది. "అవి తుపాకులు కదమ్మా" అన్నాడు ఈడు. "అరుపు ఒకటేగా అన్నా" అంది ఆ పిల్ల. ఇంక ఆదివారం మధ్యాహ్నాలు ఈడికి అదే పని. టౌన్లో ఫోన్ల కొట్టు మేడ మీద గది, తలుపులేసుకుని చెవులకి తొడుగు పెట్టుకుని కూర్చుంటే, రెహానా విజయవాడలో కూర్చుని బొమ్మా శబ్దమూ నడిపిస్తా ఈడి చెవిలో మాట్లాడతా ఉండేది. మొదటి రోజే అడిగాడంట, ఈ మిన్నాగు అనేవాడెవడమ్మా బెమ్మాండంగా ఆడుతున్నాడు, ఏ ఊరి వాస్తవ్యుడు, ఎవరబ్బాయి అని. ఇక్కడ ఊళ్లూ తండ్రులూ ఉండరన్నా, పెట్టుకున్న పేరే పిలవాల, అది రూలు అంది రెహానా. "అంటే కష్టం ఒకడిది, పేరు ఎవడిదీ కాదా? ఇది దోపిడీ" అన్నాడు. "దోపిడీ కాదన్నా, ఆట" అంది. ఈడు గొణుక్కుంటానే మిన్నాగన్న వచ్చాడు, మిన్నాగన్న కొట్టాడు అని మూడు నెలలు అరిచాడు. మిన్నాగు పేరు ఊరూరా పాకింది.

ఫైనలు ఇంకో నాలుగు రోజులుందనంగా బహుమతి కాయితాల కోసమని కంపెనీ వాళ్లు ఆడేవాళ్ల అసలు పేర్లు పంపారు. యలమంద చదువుకుంటా వచ్చి ఒకచోట ఆగిపోయాడు. మిన్నాగు, అసలు పేరు దూపాటి సలోమి, తండ్రి ఏసోబు, ఊరు జిల్లేళ్లపాలెం. తన ఊరే. తన పక్క వీధే. పొద్దున్నే టిఫిను డబ్బా పట్టుకుని మిల్లు వ్యాను ఎక్కే పిల్ల. మూడు నెలలు అన్నా అన్నా అని తను గొంతు చించుకుంది ఆ పిల్ల కోసం. ఆ సాయంత్రమే వాళ్లింటికి పోయాడు. సలోమి బియ్యం ఏరుకుంటా ఉంది. "మిన్నాగూ" అన్నాడు గుమ్మంలో నిలబడి. ఆ పిల్ల చేట కింద పెట్టేసి, "అన్నా, నీకు దణ్ణం పెడతా, లోపలికొచ్చి మాట్టాడు" అంది.

లోపలికి పోయినాక చెప్పింది. ఏమని? ఫైనలు ఆదివారం, ఈసారి ఆ రోజే తనకి షిప్టు పడింది. జొరమని ఆ పొద్దున సెలవు పెట్టాలని చూస్తా ఉంది. నిజం జొరమైతే మిల్లు వాళ్ల లెక్క తెగదు, అబద్ధం సెలవని తేలితే మాత్రం లెక్క మళ్లీ ఒకటి నుంచి. శనివారానికి రెండొందల ఇరవై తొమ్మిది రోజులు పూర్తి, ఇంక పదకొండే. పోయినసారి రెండొందల పద్దెనిమిది దగ్గర పంపేశారు, అంతకు ముందు రెండొందల మూడు దగ్గర. ఈసారి వంక దొరక్కుండా పంటి బిగువున లాక్కొచ్చింది. "నా పేరు ఆట మధ్యలో నీ నోటెమ్మట వచ్చిందా, అయిపోయాను. మా సూపర్‌వైజరు వీరాస్వామి గారు మిషన్ల మధ్యన ఫోను ఆనించుకుని ఈ ఆటే చూస్తాడు. మిన్నాగంటే ఆయనకి పిచ్చి" అంది. యలమందకి ఒళ్లు మండిపోయింది. గెలిచేవాళ్లు దాక్కోవడమేంది, దోచేవాడు దర్జాగా తిరగడమేంది, దీన్ని ఇంటింటికీ చెప్పాల, పేరు లేని శ్రమ అంటే... అని ఎత్తుకున్నాడు. "అన్నా, నినాదం తర్వాత. ముందు నా పదకొండు రోజులు" అంది సలోమి. ఆడు తగ్గి, ఏసోబు బాబాయి మీద ఒట్టు, ఆ పేరు నా నోట్లోంచి రాదు అన్నాడు. "మా నాన్న మీదెందుకు, నీ మీద పెట్టుకో" అంది. పెట్టుకున్నాడు.

ఆదివారం వచ్చింది. సలోమి లోపలి గదిలో దుప్పటి కప్పుకుని ఫోను పట్టుకుంది, వాళ్లమ్మ గుమ్మంలో కూర్చుని వచ్చినోళ్లందరికీ పిల్లకి జొరమని చెప్తా ఉంది. ఒకావిడ రాగి జావ కూడా కాసుకొచ్చిందంట. ఇక్కడ మేడ మీద యలమంద మొదలుపెట్టాడు. వందమంది ఇరవై అయ్యారు, ఆ ఇరవైమంది ఏడుగురయ్యారు. మిన్నాగు జట్టులో ముగ్గురూ పోయారు, అవతల ముగ్గురు నిలబడున్నారు, ఇవతల ఒక్కతే. గడ్డివామి లాంటి దాని వెనక నక్కింది. ఒకణ్ణి కొట్టింది. యలమంద లేచి నిలబడ్డాడు. పాక్కుంటా పోయి రెండోవాణ్ణి కొట్టింది. ఈడికిప్పుడు దీవి లేదు, తుపాకీ లేదు, కళ్ల ముందు బండా, తాడూ, సున్నంతో గీసిన గీతా. మూడోవాడు తల ఎత్తాడు, మిన్నాగు వాణ్ణీ పడగొట్టింది. అంతే. "గీత దాటింది, గీత దాటింది, జిల్లేళ్లపాలెం వాస్తవ్యులు, దూపాటి ఏసోబు గారి అమ్మాయి, దూపాటి సలోమి గారు" అని మేడ అదిరేట్టు చెప్పేశాడు.

చెప్పినాక విన్నాడు, తను ఏం చెప్పాడో. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమంటారే, ఆ సామెత ఆడి నెత్తిన పిడుగల్లే పడింది. కుర్చీలో కూలబడ్డాడు. మిల్లులో వీరాస్వామి ఫోనూ, గేటూ, రెండొందల ఇరవై తొమ్మిది రోజులూ అన్నీ కనపడ్డాయంట. చెమట ఎవరిదో పేరు వాళ్లదే అని ఇన్నాళ్లూ అరిచాడు, ఇప్పుడు ఆ పేరే పిల్ల కొంప తీసింది. అప్పుడు చెవిలో రెహానా, అన్నా, అసలు పేరు చెప్పేశారేందన్నా, చెప్పకూడదు గదా అంటంది. ఈడు ఏడుపు గొంతుతో సెలవూ పదకొండు రోజులూ అంతా చెప్పేశాడు. రెహానా విని, "అన్నా, ఆ మాట ఇంకా బయటికి పోలా" అంది. "పోకపోవడమేంది, అరిచాను కదమ్మా" అన్నాడు. "మీరు అరిచారు, జనం వినలా. మన దగ్గర్నుంచి వాళ్లకి మూడు నిమిషాలు ఆలస్యంగా పోయిద్ది. చూసేవాడెవడో ఆడేవాడికి ఫోను చేసి శత్రువు ఫలానా చోట నక్కాడని చెప్పెయ్యకుండా పెట్టుకున్న కట్టుబాటు. మొదటి రోజే చెప్పాను, మీరు దోపిడీ గురించి మాట్టాడతా ఉన్నారు, విన్లేదు" అంది.

ఇనండి ఇప్పుడు. లోకం పుట్టాక నోరు జారిన మాట గాల్లో ఆగి ఉండటం అదే మొదలేమో. అప్పటికే ఒక నిమిషం పోయింది, రెండు మిగిలాయి. ఆ ముక్క కోసెయ్ తల్లీ అన్నాడు ఈడు. కోస్తే గెలిచే చోట మూగగా పోయిద్దన్నా, ఏదో దాచారని లక్షమంది ఆరా తీస్తారు, అంది. మరెట్టా అంటే, జనానికి పోయే బొమ్మ మీకు మళ్లీ చూపిస్తా, మీ పాత మాట ఆపేసి మైకు తెరుస్తా, మీరు మళ్లీ కొత్తగా చెప్పండి. ఒకటే చిక్కు. "ఈసారి మీ మాట నేరుగా పోయిద్ది. ఈ మాటకి మూడు నిమిషాలు లేవు" అంది. యలమంద మైకు దగ్గరికి జరిగాడు. ఇంతలో బొమ్మ వచ్చేసింది. అదే గడ్డివామి, అదే పాకడం. ఒకడు పడ్డాడు, ఇద్దరు పడ్డారు. ఏమయిద్దో తెలుసు, అయినా తెలియనట్టు అరవాల, అరిచాడు. మూడోవాడు పడ్డాడు. మళ్లీ అదే గీత. నాలిక చివర జిల్లేళ్లపాలెం వచ్చి కూర్చుంది. దాన్ని పళ్లతో పట్టి, మిన్నాగు అన్నాడు. ఏసోబు గారి అమ్మాయి అని తోసుకొస్తా ఉంటే మళ్లీ మిన్నాగు అన్నాడు. పేరు వచ్చినప్పుడల్లా దాని మీద మిన్నాగుని తెచ్చి పడేశాడు. మిన్నాగు, మిన్నాగు, మిన్నాగు, మొత్తం తొమ్మిదిసార్లు, ఊపిరి అయిపోయే దాకా. అప్పుడు చెవిలో రెహానా, "మైకు కట్టేశానన్నా. పేరు పోలేదు" అంది. ఆడు చెవుల తొడుగు తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత కిందికి దిగి బండి దగ్గర నాలుగు ప్లేట్లు పునుగులు తిన్నాడంట. భయం పోతే అంత ఆకలేసిద్దని ఆడికి అప్పుడే తెలిసింది.

ఊరికొచ్చి సలోమికి ఉన్నదున్నట్టు చెప్పుకున్నాడు. "తొమ్మిదిసార్లు ఎందుకన్నావా అనుకున్నా, నత్తి వచ్చిందేమో అనుకుందన్నా మా అమ్మ" అంటా నవ్వబోయిన పిల్ల, సంగతి విని గోడకి జారగిలబడి కూర్చుంది. "ఇంకెప్పుడూ నీకు నిజం చెప్పనన్నా" అంది. తర్వాత ఆ పిల్లకీ నవ్వొచ్చింది, వాళ్లమ్మకీ నవ్వొచ్చింది, ఆ మిగిలిన రాగి జావ తలా ఇంత తాగారు. సోమవారం మిల్లుకి పోతే వీరాస్వామి, జొరం తగ్గిందా, నిన్న నువ్వు రాలా గాని మిన్నాగు ఏం ఆడాడమ్మా, ముగ్గుర్ని ఒక్కడే, అని ఆట మొత్తం ఈ పిల్లకే వర్ణించి చెప్పాడంట. "అట్టనా సారూ" అని విన్నది. పదకొండు రోజులు అట్టనా సారూ అంది. పదకొండో రోజు దాటింది, వంక దొరకలా, పర్మినెంటు కాయితం చేతికొచ్చింది. ఆ కాయితం నడుముకి దోపుకుని తిన్నగా వీరాస్వామి దగ్గరికి పోయి, "సారూ, ఆ మిన్నాగు నేనే" అని చెప్పేసింది. ఆ మాట చెప్తానే అక్కడి మిషను మీద తెగిన దారాలు అతుకుతా ఉంది, ముగ్గురు చేసే పని ఆ పిల్ల వేళ్లే చేస్తా ఉన్నాయి. వీరాస్వామి ఆ వేళ్ల వంకే చూస్తా విరగబడి నవ్వి, "నువ్వా? ఆ చెయ్యి వేగం నీకెక్కడిదే, పోయి దారాలు అతుక్కోపో" అన్నాడంట.

ఇది విని యలమంద మూడు రోజులు రగిలిపోయాడు. కళ్ల ముందు ఉన్నదాన్ని చూడనివ్వని ఈ వ్యవస్థ అని మళ్లీ మొదలెట్టాడు. అయితే అన్నం మాత్రం మానలేదులే. మీరేమంటారు, అంత నమ్మనివాడికి ఆ రోజు పేరు పోయినా ఏమయ్యేది కాదంటారా? ఏమో, నమ్మేవాడేమో. దోచేవాళ్లు మనం గెలిచామంటే నమ్మరు గాని, మనం తప్పు చేశామంటే ఇట్టే నమ్ముతారు.