పోపు పడిన జాడీ

కలకత్తా రేవు పక్కన వాట్‌గంజ్‌లో డాక్ కూలీల వరస గదుల్లో ఒకటి. 1964 చలికాలం, ఆదివారం సాయంత్రం. నిద్ర లేచిన బైరాగి మూలనున్న జాడీ మూత తీసి, గది దద్దరిల్లేలా అరిచాడు. అతని భార్య దాలమ్మ వంకాయలు తరగడం మానలేదు.

“ఒలే దాలీ! ఇదేటే, ఇలగ ఎర్రగున్నాది?”

“ఏటది?”

“నా క్యాబేజీ! ఎవులో కారం గుండ ఏసినారు. పోపు కూడా ఎట్టీసినారు!”

“ఎట్టీసుంటారు.”

“ఎట్టీసుంటారేటే? ఆ పోలండు ఓడ వంటాయన ఏటి సెప్పినాడు? సన్నగ తరిగి, ఉప్పేసి పిసికి, దాని నీల్లలోనే దాన్ని పులవనియ్యాల. నూనె సుక్క తగలకూడదు. అంతా పాడు సేసీసినావు.”

“నానా?”

“మరెవులు?”

“బాగుంది మావా. బరువెట్టడానికని నా రోటి పొత్రం పట్టుకుపోనావు, పచ్చడి నూరుకోడం మానీసినాను. మేడ మీదుండే బెంగాలీ వదిన, ఆ బౌదీ, ‘కీ పొచ్ఛే, కీ పొచ్ఛే’, ఏటి కుల్లుతోందని రోజూ ముక్కు మూసుకుంటన్నాది. అయినా ఓర్సుకున్నాను.”

“ఆ కచ్చే తీర్సుకున్నావు! రేపు ఆయనకి రుచి సూపించాల. నచ్చితే ఓడ వంటింట్లో పనిస్తానన్నాడు. ఏడాది పాటు సముద్రం మీద! ఇప్పుడేటి? నా ఉద్దోగం గంగలో కలిసిపోనాది.”

“అయ్యో పాపం.”

“నవ్వుతన్నావేటే?”

“నేదు, నేదు. ఇలగ తే, సూడనీ. మావా, ఈ ఆవాలు సూడు.”

“ఆవాలకేటి?”

“బొగ్గులైపోనాయి. మిరపకాయలు కూడా మాడిపోనాయి.”

“అయితే?”

“కాపరానికొచ్చిన కాడ్నుంచి నా సేతి పోపు మాడడం ఎప్పుడైనా సూసినావా?”

“మంట... మంట ఎక్కువైందేమో.”

“ఎవులి పొయ్యి మీద?”

“నాకేటి తెలుసు!”

“మద్దేనం నాను కుళాయి కాడికెల్లినప్పుడు ఇంట్లో ఎవులున్నారు?”

“నాను తొంగున్నాను.”

“పొగ రానేదా?”

“వచ్చింది... రానేదు. ఒగ్గీయే దాలీ.”

“మావా.”

“ఊఁ.”

“నువ్వే కదా?”

“...నానే.”

“ఎందుకు?”

“ఎందుకేటి! వీదంతా టముకేసీసినాను. గవరయ్యకి సెప్పినాను, ఇంగిలీసొచ్చిన గోవిందరాజుకి సెప్పినాను, బియ్యం కొట్టోడికి కూడా సెప్పినాను. ఇప్పుడు నానెల్లనంటే నవ్వరా? క్యాబేజీ పాడైందంటే ఎవులూ నవ్వరు.”

“ఎల్లాలని నేదా నీకు?”

“మొదట ఉండీది. అది పులిసినకొద్దీ నాకు బెంగట్టుకుంది. నీ గురక ఇనపడకపోతే నిద్దరట్టదు నాకు.”

“నాను గురకెట్టను!”

“ఎడతావు. ఏడాదంటే మాటలా? ఒక్కసారైనా ‘ఎల్లొద్దు మావా’ అన్నావా నువ్వు? అన్నేదు. నా బట్టలకి బొత్తాలు కుట్టుకుంటా కూకున్నావు.”

“నువ్వంత సంబరపడతంటే ఎలగంటాను? నోరు నొక్కుకున్నాను. కుళాయి కాడికెల్లి ఏడిసొచ్చీదాన్ని.”

“నిజంగా?”

“మరి నీల్లు పట్టడానికి అంత సేపవుతాదేటి?”

“ఓసి పిచ్చిదానా! ఇంకేటి బెంగ నేదు. రేపు ఈ జాడీ తీసుకెల్లి ఆయన ముందెడతాను. ఒక్క ముద్ద తిన్నాడంటే దగ్గుకుంటా తరిమీస్తాడు.”

“ఎల్లక్కర్నేదు మావా.”

“ఏం?”

“నిన్న నీకు కేరేజీతో పాటు ఒక గిన్నెడు క్యాబేజీ కూడా పట్టుకెల్లినాను. పోపు పడక ముందే. నీకు కేరేజీ ఇచ్చీసి, గేటు కాడ ఆయన కోసం కాసుకున్నాను.”

“నా క్యాబేజీయా? ఆయనకా?”

“గోవిందరాజు మా మద్దెన మాటలు సెప్పినాడు. తిన్నాడు మావా! ఏల్లు నాకీసినాడు. అచ్చం మా అమ్మ సేసినట్టే ఉందని కల్ల నీల్లెట్టుకున్నాడు.”

“సచ్చినాం! అయితే నన్ను ఓడ...”

“ఇది సేసిందెవులు, అని అడిగినాడు.”

“నువ్వేటి సెప్పినావే?”

“నానే సేసినాననీసినాను. మా ఆయనకి నీల్లు కాయడం కూడా రాదు, ఓడెక్కించుకున్నావంటే నీ వంటిల్లు తగలెట్టీగల్డు అని సెప్పి, నీ ఉద్దోగం నిన్ననే ఊడగొట్టీసొచ్చినాను.”