ఎడమచేతి ముడి

పండగ ముందురోజు పొద్దున. అటక దగ్గర స్టూలెక్కి ఆమె, కింద ఆ స్టూలు పట్టుకుని ఆయన. స్టూలు కన్నా ఆయనే ఎక్కువ ఊగుతున్నాడు.

"చెప్పండి, ఇవేంటి?"

"ఏవి?"

"మీ కళ్ళెదురుగా ఉన్నవే. పోయినేడాది నక్షత్రం దులిపి మళ్ళీ కట్టుకుందామని ఎక్కాను. నక్షత్రం లేదు. రంగు కాగితం చుట్టిన పెట్టెలున్నాయి. ఒకటి కూడా కాదు, మూడు."

"నక్షత్రం మంచం కింద పెట్టాను. నువ్వు ముందు దిగు, పడతావు."

"నేనడిగింది నక్షత్రం సంగతి కాదు."

"అవా... అవి మా అక్కయ్యవి. దాచమని ఇచ్చింది."

"మీ అక్కయ్య దాచుకునే మనిషా? కొన్నది కొన్నట్టు నలుగురికీ చూపిస్తేగానీ ఆవిడకి అన్నం సయించదు."

"అయితే పక్కింటివాళ్ళవేమో."

"పక్కింటివాళ్ళవి మన అటక ఎలా ఎక్కాయి? కాళ్ళొచ్చాయా?"

"దిగి మాట్లాడమంటున్నాగా."

"దిగను. దిగితే బస్సు తీయాలి, డ్యూటీకి టైమైందని చెప్పులేసుకుంటారు. ఈసారి పండక్కి నేనేం అడిగాను మిమ్మల్ని?"

"ఏమీ కొనొద్దన్నావు."

"ఎవరికీ?"

"ఎవరికీ, ఏమీ. పొద్దున్నే చర్చికి వెళ్ళొద్దాం, ఇంట్లో ఉన్నది వండుకు తిందాం, తలుపేసుకుని పడుకుందాం అన్నావు."

"అప్పజెప్పినట్టు చెప్తున్నారు. మరి ఇవేంటి?"

"అదే, చెప్తాను. దిగు."

"నెల్లాళ్ళుగా ఆ దుకాణంలో ఊరందరి బహుమతులకీ కాగితాలు చుట్టి చుట్టి నా వేళ్ళెలా కోసుకుపోయాయో చూశారా? కాగితం చప్పుడు వింటే ఒళ్ళు మండుతోంది. సాయంత్రానికి కాళ్ళు చెప్పుల్లో పట్టవు. అంత పెద్ద దుకాణం, కౌంటర్ దగ్గర నాకో కుర్చీ వేయరు. పెద్ద పెట్టె వస్తేనే వెనక బల్ల దగ్గర కూర్చుని చుట్టాలట. మిగతావన్నీ నిలబడే."

"తెలుసు. రోజూ చెప్తావుగా."

"రోజూ చెప్తాను. వినేదెవరు? ఒక్కరోజు పెట్టె మొహం చూడకుండా ఉందామనుకున్నాను. మీరు తెచ్చి నా నెత్తిమీదే పెట్టారు."

"నెత్తిమీద కాదు, అటకమీద..."

"జోకులొద్దు. పోయినేడాది కొన్నవి ఏమయ్యాయో చెప్పనా? కాళ్ళు పిసికే మిషను మంచం కిందుంది, దాని ప్లాస్టిక్ కూడా ఊడదీయలేదు. రొట్టెల మిషను మీద పూలకుండీ పెట్టాను. మీ అక్కయ్య ఇచ్చిన గోడగడియారానికి బ్యాటరీ ఎక్కడ వేయాలో ఈ ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ తెలీదు."

"కుండీ మాత్రం దానిమీద బాగానే కుదిరింది."

"పుట్టినాయనకి పశువుల తొట్టె సరిపోయింది. మనకి ఇల్లు నిండినా సరిపోదు. కొనడానికొచ్చిన వాళ్ళ మొహాల్లో పండగే ఉండదండీ, పన్ను పీకించుకోడానికి వచ్చినట్టుంటారు. ఆ వరసలో మనం వద్దు, ఈ ఒక్క ఏడూ వద్దు అన్నాను. మీరు సరేనన్నారు."

"మొదట అక్కయ్య సంచులతో దిగితే మనం చేతులూపుకుంటూ ఎలా నిలబడతాం అన్నాను. తర్వాత సరేనన్నాను."

"మీరెప్పుడూ సరేననే అంటారు. ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారు. కనీసం కాదంటే పోట్లాడొచ్చు. సరేనన్నవాళ్ళతో ఏం పోట్లాడను? ... ఏవండీ."

"ఊఁ."

"ఈ ముడి నాది."

"ఏ ముడి?"

"రిబ్బను ముడి. మా కౌంటర్లో ఎడంచేత్తో కట్టేది నేనొక్కదాన్నే. అందరి కొసలూ ఒకవైపు పడితే నావి ఇంకోవైపు పడతాయి. దీన్ని నేనే కట్టాను. ఇదీ నాదే. ఇదీ."

"రిబ్బన్లన్నీ ఒకలాగే ఉంటాయిలే."

"నాకా చెప్తున్నారు? ఉండండి, ఈ ఆకుపచ్చది గొడుగాయనది. చంకలో గొడుగు పెట్టుకుని వచ్చి, కట్టాక బాలేదు, విప్పి మళ్ళీ కట్టమన్నాడు. మళ్ళీ కడితే రిబ్బను మార్చమన్నాడు. ఆ రోజు ఇంటికొచ్చి నేను తిట్టని తిట్టు లేదు."

"అవును, చాలా తిట్టావు. నేనే ఆపాను."

"ఆయన మీకు తెలుసా?"

"మా కొత్త డిపోలో కండక్టరు."

"మరి ఈ ఎర్రది? ఇది దగ్గాయనది. దగ్గుకీ దగ్గుకీ మధ్యలో, మూల మడత సరిగ్గా రాలేదమ్మా అన్నాడు."

"మెకానిక్కు. దగ్గు మాత్రం నిజంగానే ఉంది, పాపం."

"ఈ పూల కాగితం ముసలాయనది. మనవరాలికి ఏ రంగు ఇష్టమో తేల్చుకోలేక నా ప్రాణం తోడేశాడు."

"ఆయన మా వాచ్‌మన్. మనవరాలు లేదు. అసలు పెళ్ళే చేసుకోలేదు."

"అంటే నేను వద్దన్నవి ముగ్గురి చేత కొనిపించి, నాచేతే కట్టించి, నా ఇంట్లోనే దాచారు."

"వాళ్ళేమీ కొనలేదు."

"మా దుకాణంలో కొనక్కర్లేదు లెండి. పండగ నెలలో ఎక్కణ్ణించి తెచ్చినా ఊరికే కట్టిపెడతాం. ఆ సంగతి మీకు చెప్పిందీ నేనే. నా ఖర్మ."

"విప్పి చూడు, పోనీ."

"విప్పను. ఏముందో చూస్తే ఇంకా మండుతుంది."

"విప్పు. నేను విప్పుదామనే అనుకున్నాను. నువ్వు కట్టింది చింపబుద్ధి కాలేదు."

"స్టూలు సరిగ్గా పట్టుకోండి... ఇదేంటి?"

"చూస్తున్నావుగా."

"ఇది మన దుప్పటి."

"అవును."

"వారం నుంచి దీనికోసం ఇల్లంతా తిరగేశాను. మీరు కూడా నాతోపాటు వెతికారు."

"వెతికాను."

"మంచం కింద దూరి మరీ వెతికారు. ఈ ఎర్రదాంట్లో... దిండు. ఇందులో మీ పాత స్వెట్టరు. కొత్తదేమీ లేదా?"

"ఏమీ కొనొద్దన్నావుగా."

"మీకు మతి ఉందా? ఇంట్లో గుడ్డలకి రంగు కాగితాలేంటి? ఉన్న పని చాలదని ముగ్గుర్ని పంపించి నా చేతులింకా కోయించారా? నాతో ఒక్కమాట చెప్పకూడదా?"

"చెప్తే ఒప్పుకోవు. దుకాణానికి అన్యాయం అంటావు. పెట్టెలు చూడు."

"చూశాను. అట్టపెట్టెలు."

"ఎంతున్నాయి?"

"ఎంతుంటే ఏంటి? చేతుల్లో పట్టవు. ఒక్క దుప్పటికి ఇంత పెట్టె ఎందుకో నాకర్థం కాదు. వీటిని కౌంటర్ మీద పెట్టడానికే లేదు, ఎత్తుకుని వెనక బల్ల దగ్గరికి పోవాల్సి..."

"ఏమైంది? ఆగావేం?"

"మూడూ వెనక బల్ల దగ్గరే కట్టాను."

"ఊఁ."

"సరే. అది సరే. మరి ఆ గొడుగాయన విప్పి మళ్ళీ కట్టమని ఎందుకు ప్రాణం తీశాడు?"

"నేనే చెప్పాను. ఒక్కసారి కట్టగానే నిన్ను కుర్చీలోంచి లేవనివ్వొద్దని."