నాలుగు గొంతుల ఇంజను

తాడేపల్లిగూడెం. ఆదివారం మధ్యాహ్నం. ఉల్లిపాయల గోడౌను వెనక రేకుల షెడ్డు. బానెట్ విప్పేసిన ఎర్ర కారు కింద భర్త, గుమ్మంలో భార్య.

"...అదేనండీ నా గోడు. మీకెక్కడైనా కనబడితే చెప్పండి మెకానిక్ గారూ. మా ఆయన. పొడుగ్గా ఉంటారు, కళ్ళజోడు, పేరు ఉదయ్. పొద్దున్న నాలుగిడ్లీలు తిని 'ఇప్పుడే వస్తా'నని వెళ్ళిన మనిషి."

"హిమజా, ఆ పదమూడు నంబరు స్పానరు ఇలా తొయ్యి."

"పోయిన ఆదివారమూ ఇంతే. అంతకుముందూ ఇంతే. పోలీసు కంప్లైంటు ఇద్దామంటే ఆనవాళ్ళు అడుగుతారు కదండీ. మొహం ఎలా ఉంటుందో మర్చిపోయాను. కాళ్ళు మాత్రం బాగా గుర్తు. కారు కిందనుంచి బయటికుండేవి అవేగా."

"స్పానరు..."

"ఇదిగో."

"ఇది పద్నాలుగు."

"మనిషి కనబడ్డం లేదని ఏడుస్తుంటే ఒకటి ఎక్కువైందంటారేంటండీ?"

"అన్నం తిన్నావా?"

"తిన్నాను. మీ కంచం మీద మూత పెట్టాను. దానికీ అలవాటైపోయింది."

"వస్తాను, వస్తాను. ఇవాళ దీన్ని తిప్పి చూడాలి. ఒక్కణ్ణీ కుదరట్లేదు. ఇద్దరుండాల్సిన పని."

"గుమస్తాగారు ఉన్నారుగా, దుర్గేష్. పిలవనా?"

"ఆయనకి ఉల్లిపాయ తప్ప ఏం తెలుసు?"

"నాకు మాత్రం ఏం తెలుసు?"

"నువ్వు బీయస్సీ ఫిజిక్సు."

"అబ్బో. ఏలూరు కాలేజీలో పుచ్చుకున్న డిగ్రీ. ఇరవై మూడేళ్ళకి గుర్తొచ్చింది మీకు. చెప్పండి, ఏం కావాలి?"

"చెవి."

"ఒకటా, రెండా?"

"ఒకటి చాలు. ఇలా రా. చీర జాగ్రత్త, ఆయిలుంది. ఇటు చూడు. మామూలుగా ఇంజనుకి గాలి పోవడానికి ఒకటే గొంతుంటుంది. నాలుగు సిలిండర్లూ దాన్లోంచే పంచుకుంటాయి. అది పీకేశాను. ఒక్కోదానికి ఒక్కో గొంతు పెట్టాను. ఇవిగో, ఒకటి, రెండు, మూడు, నాలుగు. త్రాటిల్ బాడీలు. పెద్ద బైకువి, కోయంబత్తూరు నుంచి తెప్పించానే, అవి."

"పార్సిలొచ్చిన రోజు నాకేదో తెచ్చారనుకున్నాను. అవేగా?"

"...అవే. ఒక్కోదాన్లో ఒక్కో రేకుంటుంది. యాక్సిలరేటర్ తొక్కితే నాలుగు రేకులూ ఒకేసారి, ఒకే అంత తెరుచుకోవాలి. ఒకటి తక్కువ తెరిచినా ఇంజను వణుకుతుంది."

"నలుగురు తోడికోడళ్ళకి నాలుగు వంటిళ్ళన్నమాట."

"అలాంటిదే."

"మీ కారుకి టర్బో ఉందిగా. గాలిని అదే తోసిపారేస్తుంది, గొంతు ఒకటైనా నాలుగైనా ఒరిగేదేం లేదు అన్నారు కదా?"

"ఎవరన్నారు?"

"ఎవరో అన్నారు."

"మెకానిక్ వరదానం అన్నాడు."

"అయ్యుండచ్చు."

"వాడన్నదాంట్లో నిజముంది. టర్బో బండికి ఇది మామూలుగా ఎవరూ చెయ్యరు. నేనెందుకు చేస్తున్నానంటే, కాలు వేసిన దానికీ ఇంజను పలికిన దానికీ మధ్య ఆ కాస్త ఆలస్యం ఉండకూడదని."

"పిలిచిన దానికీ పలికిన దానికీ మధ్యా?"

"ఆఁ, అదే."

"ఎందుకో తెలీదుగానీ, మీ బాధ నాకు బాగా అర్థమైందండీ."

"నవ్వకు. ఏడు ఆదివారాలైంది హిమజా, వాడొచ్చి."

"ఏడా? ఆరనుకున్నాను."

"ఏడు. గుండుగొలనులో చర్చి అవగానే తిన్నగా ఇక్కడికే వచ్చేవాడు. మూడేళ్ళలో ఒక్క ఆదివారం తప్పలేదు. తెల్లచొక్కా విప్పి ఆ పాతది వేసుకునేవాడు. చూడు, మేకుకి అలాగే ఉంది."

"ఉతికాను దాన్ని."

"నువ్వా? ఎందుకు?"

"దుమ్ము పట్టదా అండీ ఊరికే ఉంటే."

"వెళ్ళిన రోజు నీతో ఏమైనా అన్నాడా?"

"మంచినీళ్ళడిగారు. ఇచ్చాను."

"అంతేనా?"

"గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళారు. మన ఇంట్లో ఆ పని చేసిన మొదటి మగవాడు."

"నా మీద ఏమీ..."

"ఈ పైపు దేనికండీ? ఈ రబ్బరుది?"

"అది చెవికి. చెప్తాను. ఇదివరకు అడిగినప్పుడూ ఇలాగే మాట మార్చావు."

"ఫోన్ చెయ్యచ్చుగా మీరే?"

"ఏ మొహం పెట్టుకుని? మాటన్నది నేనే. దుర్గేష్ ముందర. 'చేపలబండి ముక్క తెచ్చి నా ఇంజనుకి తగిలిస్తావా' అని నవ్వాను కూడా."

"చేపలబండి ముక్కేంటి?"

"కొల్లేరు నుంచి చేపపిల్లల్ని వ్యాన్లలో తీసుకెళ్తారు చూడు. ఒక ఆక్సిజన్ సిలిండరు నుంచి నాలుగు తొట్లకి గాలి పంచే ఇత్తడి జాయింటు ఉంటుంది. కొల్లేటికోటలో ఎవర్నో అడిగి తెచ్చాడు. దాన్ని తిరగేసి వాడదామన్నాడు. నాలుగు గొంతుల్లోంచి నాలుగు సన్నపైపులు దీంట్లోకి తెచ్చి, ఇందులోంచి ఒక్కటి గాలి కొలిచే సెన్సారుకిద్దాం అన్నాడు. నేను, ఒక్క గొంతు నుంచి ఇస్తే చాలదా అన్నాను. వాడు చాలదన్నాడు. నీకేం తెలుసన్నాను. ముప్ఫయ్యేళ్ళు ఇంజన్లు విప్పినవాణ్ణి పట్టుకుని."

"ఈ పైపు ఏ చెవికండీ?"

"ఏదైనా ఒకటే. ఒక కొస చెవిలో పెట్టుకో. రెండోది గొంతు దగ్గర పట్టుకో, లోపల పెట్టకు. గాలిపెట్టె విప్పేసి ఉంచాను, టర్బో కలపలేదు. ఉత్తినే తిరుగుతుంటుంది, పీల్చుకునే చప్పుడు వినబడుతుంది. స్టార్ట్ చేస్తున్నా. భయపడకు."

"భయమెందుకు, మిక్సీ... అమ్మో!"

"చెప్పానా! వినిపిస్తోందా?"

"ఏంటీ?"

"వినిపిస్తోందా అంటున్నా! ఒకటోది!"

"ఆఁ! కుక్కరు కూత వెయ్యబోయే ముందు ఉంటుంది చూడండీ, ఆ 'స్‌స్‌స్'!"

"రెండు?"

"అదే!"

"మూడు?"

"అదే, కాస్త బొంగురు!"

"నాలుగు?"

"ఇది... ఇది సరిగా పీల్చట్లేదండీ. నోరు బిగబట్టుకు కూర్చున్నట్టుంది."

"సరిగ్గా విను. మీటరులో బానే ఉంది."

"మీటరుని పిలవండి మరి. నేను అన్నం వడ్డిస్తాను."

"సరే సరే. స్క్రూ తిప్పుతున్నా. చెప్పు."

"ఊఁ. ఇంకొంచెం. ఇంకొంచెం... అయ్యో, ఎక్కువైంది. వెనక్కి. ఇంకో వెంట్రుకవాసి. అక్కడ! కదపకండి!"

"వణుకు తగ్గింది! చూశావా? పైన గ్లాసు పెట్టినా నీళ్ళు కదలవు!"

"నేను వింటే తగ్గింది. మీరు చూస్తే తగ్గలేదు. అది రాసుకోండి."

"వరదానానికి కూడా అరగంట పట్టేది హిమజా. ఎలా పట్టుకున్నావు?"

"ఇరవై మూడేళ్ళు పోపు విన్న చెవి. ఆవాలు ఎప్పుడు మాడతాయో చూసి తెలుసుకునేది కాదు."

"ఇన్నాళ్ళూ ఒక్కసారీ ఇటు రాలేదేం?"

"ఒక్కసారీ పిలవలేదేం?"

"...నీకు ఇష్టముండదనుకున్నాను."

"నాకూ తెలీదు, ఉంటుందని. వచ్చే ఆదివారం రానా?"

"రా. బ్రేకు పైపులున్నాయి. నేర్పిస్తాను."

"నిజంగా?"

"నిజంగానే. ఏంటి, కళ్ళు తుడుచుకుంటున్నావు?"

"పొగండీ."

"పొగ వెనకాల వస్తుంది."

"నా కళ్ళు, నా ఇష్టం. అదేంటి, మళ్ళీ చప్పుడు మారింది? లేస్తోంది, పడుతోంది..."

"తెలుసు. ఇది అదే."

"ఏది?"

"సెన్సారు. ఒక్క గొంతు మాటే వింటోంది. మిగతా మూడూ ఏం చేస్తున్నాయో దానికి తెలీదు. అందుకే పెట్రోలు ఓసారి ఎక్కువ పోస్తోంది, ఓసారి తక్కువ. వాడు చాలదన్నాడు చూడు, అదే. ఆపేస్తున్నా."

"ఆపేశారేం?"

"ఆపేశాను. పూర్తిగా. రేపు ఈ నాలుగూ విప్పేసి, పాతది బిగించేస్తాను. ఎవరైనా అడిగితే బండి ఇచ్చేస్తాను."

"మూడేళ్ళ పని!"

"కుదిరిందే అనుకో. ఎవరికి చూపించను?"

"నాకు."

"నీకు చూపిస్తాను. కానీ... నువ్వేమీ అనుకోకు."

"అనుకోను. చెప్పండి."

"కొట్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా అందరూ అండీ, అండీ. నాన్నగారి కొట్టు కదా. తప్పు బేరం చేసినా 'అద్భుతమండీ' అంటారు. మొహం మీద 'చెత్తగా చేశారండీ' అనేవాడు వాడొక్కడే. అని, మళ్ళీ వాడే చేతులు నల్లగా చేసుకుని బాగుచేస్తాడు. అలాంటివాడు ఇంకొకడు లేడు నాకు. యాభైకి దగ్గరపడుతున్నాను, ఇప్పుడెక్కడ దొరుకుతాడు?"

"నేను తిడతాను లెండి, కావాలంటే."

"నువ్వు తిట్టవు. ఎగతాళి చేస్తావు. అది వేరు."

"...అది నిజమే."

"కోపమొచ్చిందా?"

"లేదు. ఇక్కడే ఉండండి. వస్తాను."

"ఎక్కడికి?"

"వంటింట్లోకి."

"అన్నం తర్వాత తింటాలే హిమజా, ఇప్పుడు సహించదు."

"అన్నానికి కాదు."

"మరి? హిమజా! ...హిమజా?"

"వచ్చేశాను. ఇదిగోండి. పట్టుకోండి."

"ఏంటిది? ఇది... ఇదే! ఇదే ఆ జాయింటు! ఇది నీ దగ్గరెందుకుంది?"

"మెంతుల డబ్బాలో ఉంది."

"ఎక్కడుందని కాదు. ఎందుకుందని."

"ముందు బిగించండి. తర్వాత అడగండి."

"మెంతుల వాసనొస్తోంది."

"మంచిదేగా, ఇంజనుకి చలవ. కానివ్వండి."

"సరే... ఆ మూడు గొంతులకీ చిన్న రబ్బరు మూతలున్నాయి చూడు, పీకు. ఆఁ. ఈ సన్నపైపు అక్కడ గుచ్చు. గట్టిగా. గాలి దూరకూడదు."

"వేలే దూరట్లేదు, గాలేం దూరుతుంది."

"ఇంకోటి. ఇంకోటి. ఇది సెన్సారుకి. క్లిప్పులు... అయింది. స్టార్ట్ చెయ్యి."

"నేనా?"

"నువ్వే. తాళం తిప్పు, అంతే. యాక్సిలరేటర్ తొక్కకు."

"తిప్పానండీ."

"విను. విను హిమజా. ఊగట్లేదు."

"ఊగట్లేదండీ. ఒకే పాటున ఉంది."

"ఒకే పాటున! చేపలబండి ముక్కతో! వాడు చెప్పిందే నిజం. ముప్పావు అంగుళం ఇత్తడి ముక్కకి నేను ఏడు వారాలు... ఫోనేది నాది?"

"ఎందుకు?"

"వాడికి చేస్తాను. ఇంజను ఆపకు, వినిపిస్తాను. నేనన్న మాటకి క్షమించమంటాను. అలిగితే అలిగాడు, ఎన్నాళ్ళలుగుతాడు?"

"ఏవండీ, ఆగండి. మీరు చెప్పుకోవాల్సిందేం లేదు."

"నేనన్న మాటకి నేను కాక ఎవరు చెప్తారు? ఇదిగో, కలిపేశాను. ...ఒక్క నిముషం. ఇది నీకెప్పుడిచ్చాడు?"

"ఆ రోజే. వెళ్తూ."

"అలిగి వెళ్తున్నవాడు దీన్ని నీ చేతిలో పెట్టి వెళ్ళాడా?"

"అలగలేదండీ ఆయన. నవ్వుతూనే ఇచ్చారు. 'ఉదయ్ గారు రెండ్రోజుల్లో తనే అడుగుతారమ్మా, అప్పుడివ్వండి' అన్నారు."

"మరి ఇవ్వలేదేం?"

"రింగవుతోందండీ ఫోను."

"అవనీ. అలగకపోతే మరి మానేశాడేం? హిమజా, ఇటు చూడు. ఏడు వారాలుగా నా నోటిదురుసే అనుకుంటున్నాను. నిద్రపట్టట్లేదు నాకు. నువ్వు చూస్తూనే ఉన్నావు."

"చూస్తూనే ఉన్నాను. మనమ్మాయి భావన హాస్టలుకి వెళ్ళాక ఇంట్లో నాతో మాట్లాడేది ఫ్యాను ఒక్కటేనండీ. అది కూడా కరెంటున్నప్పుడే."

"దానికీ దీనికీ ఏంటి సంబంధం?"

"ఎత్తారు. ఫోనిటివ్వండి. మీరు కాదు, నేను మాట్లాడాలి. ఇవ్వండీ. ...అన్నయ్యగారూ, నమస్కారమండీ, హిమజని. అందరం బానే ఉన్నామండీ. ఆ చప్పుడు కారుదే, కుదిరింది, మీరిచ్చిన ముక్కతోనే. ఆయన పక్కనే ఉన్నారు, స్పీకర్లో పెట్టాను, వింటున్నారు. వినాలనే పెట్టాను. ఆ రోజు గుమ్మంలో మీకు మంచినీళ్ళిచ్చి, 'ఇంక ఆదివారాలు రాకండి, ఆ ఒక్కరోజూ ఆయన్ని నాకొదిలెయ్యండి, నేనన్నానని ఆయనకి చెప్పకండి' అన్నాను చూడండి... తప్పు చేశానండీ."