రెండు ఖాళీ షీట్లు

ఆసుపత్రిలో నర్సు గది. బల్లకు అటు నర్సు, ఇటు బట్టల కార్ఖానాలో మిషను కుట్టే ఆమె.

"మళ్ళీ అదేనా సిస్టరమ్మా?"

"అదే. ఆర్నెల్లలో మూడోసారి. ఉండు, తలుపు వేసొస్తా."

"ఏడు రోజులూ రెండు పూటలా మింగాను. ఒక్క పూట తప్పితే ఒట్టు! కార్ఖానా బాత్రూం వల్లే అంటాడు మా ఆయన. అందుకని అటు వెళ్ళడమే మానేశా. సాయంత్రం దాకా మిషను దగ్గర గుక్కెడు నీళ్ళు ముట్టను."

"అయ్యో పిచ్చితల్లీ! ఇది బాత్రూంలో అంటుకునేది కాదు. పక్క మీద, మనిషి నుంచి మనిషికి వచ్చేది. ఇదిగో, ముందీ గ్లాసు ఖాళీ చెయ్యి."

"చాలండీ..."

"మొత్తం తాగు. నీకు మందు పనిచేస్తోంది. తగ్గాక మళ్ళీ అంటుకుంటోంది. మీ ఆయనకి పైకేమీ కనపడకపోయినా లోపల ఉండొచ్చు. ఇద్దరూ ఒకేసారి వాడాలి, ఆ ఏడు రోజులూ దూరంగా ఉండాలి, మూడు నెలలకి మళ్ళీ పరీక్ష. ఆయన వాడాడా?"

"వాడాడు. మందు అయిపోయిన ఖాళీ షీటు తెచ్చి చేతిలో పెట్టాడు. రెండుసార్లూనూ."

"మింగుతుంటే చూశావా?"

"వ్యాను డ్యూటీలో మింగుతానన్నాడు... షీటు చూశాగా. నాకు పిల్లలు పుడతారా? అది చెప్పండి ముందు."

"ఇలా తిరగబెడుతూ ఉంటే గర్భసంచి పక్క గొట్టాలు మూసుకుపోవచ్చు. అందుకే ఇంత గుచ్చి అడుగుతున్నా. ఎక్కడున్నాడు?"

"బయట బెంచీ మీద. లోపలికి రావాలంటే సిగ్గట."

"నీకు లేదా సిగ్గు? పిలువు."

"ఏమండీ! ఇలా రండి. రండంటుంటే..."

"నమస్తే మేడం. వ్యాను రోడ్డుకి అడ్డంగా పెట్టి వచ్చాను, కొంచెం తొందరగా..."

"ఒక్క మాటే. మందు వాడావా?"

"పూర్తిగా వాడానండీ."

"ఎలా ఉన్నాయి అవి?"

"ఎలా అంటే... మాత్రల్లాగే. తెల్లగా, గుండ్రంగా."

"నేనిచ్చినవి పచ్చ క్యాప్సూల్స్."

"అదే, పచ్చవే. మర్చిపోయా."

"ఇరవై ఎనిమిది మింగి రంగు మర్చిపోయారా?"

"నువ్వుండవే, మేడంతో మాట్లాడుతున్నా."

"పారబోశావా వాటిని?"

"ఛ, పారబోస్తానా మేడం? అవసరమైన మనిషికే ఇచ్చా."

"ఎవరండీ ఆ మనిషి?"

"తను... ఆసుపత్రికి రానంది. భయం తనకి. వాడేసి షీటు నాకిచ్చేసేది."

"ఆవిడ మింగేసిన మందు షీట్లా? వాటిని నేను బీరువాలో దాచుకున్నానే! నేను దాహంతో చస్తుంటే, బాత్రూం బాత్రూం అంటూ..."

"నీకు తెలిస్తే బాధపడతావని..."

"నోరు ముయ్యవయ్యా! నువ్వు మింగకపోతే నీలో ఉన్నది ఇద్దరికీ అంటుతూనే ఉంటుంది. ఆవిడకెలా ఉందిప్పుడు?"

"నీరసంగా ఉంది మేడం. ఇవాళ ఇచ్చేవి కూడా తెమ్మంది. అయిదో నెల కదా, లోపల బిడ్డకేమన్నా అవుతుందని..."

"అయిదో నెలా! కడుపుతో ఉన్నవాళ్ళకి ఆ మందు ఇవ్వమయ్యా! వాళ్ళకి వేరేది ఉంది. ఆవిణ్ణి వెంటనే చూడాలి. ఏమ్మా... ఎటు లేచావు?"

"నాకు నా ఒక్కదాని మందు కవరు చాలు సిస్టరమ్మా. నువ్వు పో, ఆవిణ్ణి ఇప్పుడే తీసుకురా. ఆసుపత్రి చీటీలో భార్య అన్న చోట ఆవిడ పేరే రాయించు."