రెండు పట్టికలకు ముడివేసిన ఇందిరమ్మగారికి

1991 జూన్ 17న ఆదోనిలోని మన ఆసుపత్రి రికార్డుల విభాగంలో గుమాస్తాగా చేరిన శ్రీమతి ఇందిరమ్మగారు, ముప్పైనాలుగేళ్ళ అవిరామ సేవానంతరం ఈ ఆగస్టు చివర పదవీ విరమణ చేస్తున్నారు. నేనిక్కడ ఉద్యోగిని కాను. ఆసుపత్రి కంప్యూటర్లు చూసే రాజశేఖర్‌గారి భార్యను. ఆయన చేసిన తప్పు గురించి రాయడానికి సహోద్యోగులు మొహమాటపడి, ఆ మొహమాటం లేని నన్ను ఎంపిక చేసినట్టున్నారు.

చేరిన ఏడేళ్ళకు ఎమ్మిగనూరు శాఖకు బదిలీ అయి, అక్కడ పన్నెండేళ్ళు పనిచేసిన ఇందిరమ్మగారు ప్రతి రోగికీ నాలుగంకెల సంఖ్య ఇచ్చి, చిన్న సంఖ్యలకు ముందు సున్నాలు చేర్చి రాసేవారు. పెద్దకడుబూరు హులిగమ్మగారి చీటీ మీద 0047 అని ఉండేది. 2010లో విభాగాధిపతిగా ఆదోనికి తిరిగివచ్చాక కూడా ఆ పద్ధతి మారలేదు.

మూడేళ్ళ క్రితం రెండు ఊళ్ళ రికార్డులన్నీ వెబ్‌సైటులోకి ఎక్కించారు. మా ఇంటాయన ఆ సంఖ్యను రోగుల పట్టికలో అక్షరాల వరుసగానూ, పడని మందుల పట్టికలో వట్టి అంకెగానూ పెట్టారు. ఒకచోట 0047, మరోచోట 47. రకాలు వేరు గనుక రెంటినీ ముడివేయనని డేటాబేసు మొరాయిస్తే, రకం సరిచేయవలసింది పోయి, ముడి ఉండాలన్న నిబంధననే తీసేశారు. ఇంట్లోనూ ఆయన మరమ్మతులు ఈ పద్ధతిలోనే సాగుతాయి. ఫలితంగా ఒక పట్టికలోని మనిషికి మరో పట్టికలోని హెచ్చరిక చేరే దారి లేకపోయింది.

గత ఏడాది హులిగమ్మగారి కాలి ఆపరేషను నాటి ఉదయం, తెర మీద "పడని మందులు: ఏవీ లేవు" అని వచ్చింది. సూది సిద్ధమైంది. చీటీ చూసిన ఇందిరమ్మగారు థియేటరు తలుపుకు అడ్డంగా నిలబడ్డారు. తెర దగ్గరే మా ఇంటాయన ఉన్నారు.

"ఆగండప్పా! ఎమ్మిగనూరులో ఇదే సూదేస్తే ఈయమ్మ ఊపిరాడక మూడు దినాలు మంచంలోనే పడిండె. నీ కంప్యూటరు ఏమీ లేదంటాదేం, రాజశేఖరా?"

"అంతా ఎక్కించినాం మేడమ్."

"ఎక్కించినావులే. ఆడికి పోయేదానికి దారి యాడుంది?"

స్ట్రెచరు మీది నుంచి హులిగమ్మగారు, "నన్నడిగింటే నేనే సెప్తాంటి గదక్కా, ఒగరూ అడగలే" అన్నారట.

పాత రిజిస్టరు చూశాక వైద్యులు మందు మార్చారు; ఆపరేషను సుఖంగా ముగిసింది. ఆ సాయంత్రమే ఇందిరమ్మగారు మా ఇంటాయన పక్కన కుర్చీ వేసుకుని, రెండు పట్టికల్లోనూ సంఖ్యను ఒకే రకానికి మార్పించి, ముడి తిరిగి వేయించి, ఆపైన పదకొండు రోజులు పాత సంఖ్యలన్నీ చదువుతూ ఆయనతో సరిచూయించారు. ఎవరి దగ్గరా ఆయన్ను పల్లెత్తు మాట అనలేదు. ఆ ఔదార్యాన్ని ఈ వ్యాసంతో నేను పాడుచేస్తున్నందుకు మన్నించాలి.

ఈ శ్రావణంలో హులిగమ్మగారు తన కాళ్ళ మీద నడిచి ఉరుకుంద గుడిలో ఈరన్నస్వామిని దర్శించి, ఇందిరమ్మగారి పేరిట కొబ్బరికాయ కొట్టివచ్చారు. ఇందిరమ్మగారూ, ఏ ఆసుపత్రి పట్టికలోనూ మీ పేరు ఎక్కే అవసరమే రాకుండా, ఆరోగ్యంతో, నిండుగా, చిరకాలం జీవించండి. మేమే మీ ఇంటికి వచ్చి చూసిపోతాం.